చదివింపుల పుస్తకం

మా నాన్న పోయిన పదిహేనో రోజున ఆయన ట్రంకుపెట్టె తెరిచాం. పైన ఉతికి మడిచిన పంచెలు, వాటి కింద పొలం దస్తావేజులు. దస్తావేజులకన్నా అడుగున, వాటికన్నా భద్రంగా, పాత తువ్వాల్లో చుట్టిన ఎర్ర అట్ట పద్దుల పుస్తకం ఒకటి. మొదటి పేజీకి నాలుగు మూలలా పసుపు బొట్లు. నడినెత్తిన 'శ్రీరామ'. దాని కింద నా పేరు, మా ఆవిడ పేరు, 1991 అన్న సంవత్సరం. మా పెళ్ళి చదివింపుల పుస్తకం అది.

పొలం కాగితం పోతే రిజిస్ట్రారాఫీసులో నకలు తెచ్చుకోవచ్చు. ఈ పుస్తకం పోతే నకలు ఎక్కడా దొరకదు. పైగా ఎవరింట్లో శుభకార్యానికి ఎంత పట్టుకెళ్ళాలో తెలియక చుట్టాల ముందు తల దించుకోవాలి. ఆ సంగతి ఆయనకి తెలుసు. అందుకే అడుగున పెట్టాడు.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. తాటాకు పందిరి, అద్దె కుర్చీలు, మైకు. తలంబ్రాలు అయిపోగానే చదివింపుల బల్ల పడేది. బల్ల ముందు ఇద్దరు కూర్చునేవాళ్ళు. చేతిరాత బాగున్నవాడు రాసేవాడు, గొంతు బాగున్నవాడు చదివేవాడు. ఊరిపేరు, ఇంటిపేరు, మనిషి పేరు, ఆ తరవాత అంకె. నూటపదహారంటే ఎవరూ తల తిప్పరు. ఐదువందల పదహారంటే ముందు వరసలో నాలుగు తలలు తిరుగుతాయి. వెయ్యినూటపదహార్లు అన్నప్పుడు చదివించినాయనే లేచి నిలబడి కండువా సర్దుకుంటాడు. మా ఊళ్ళో చదివే ఆయనకి ఒక అలవాటుండేది. చిన్న అంకె వస్తే ఊరిపేరూ ఇంటిపేరూ రెట్టింపు గొంతుతో చదివి, సరిగ్గా అంకె దగ్గరకొచ్చేసరికి దగ్గేవాడు. ఆయనకి ఉబ్బసమేమో అని చిన్నప్పుడు జాలిపడేవాణ్ణి. ఆ దగ్గు ఎందుకో తెలిశాక, మా ఊళ్ళో అంత మర్యాదస్తుడు ఇంకొకడు లేడని నిర్ణయించుకున్నాను.

తెలుగులో ఈ మాట తమాషాగా ఉంటుంది. పెళ్ళికి డబ్బు 'ఇచ్చాను' అనం, 'చదివించాను' అంటాం. ఎంత ఇచ్చావన్నది కాదు, నీ పేరు పక్కన ఎంత చదివారన్నది లెక్క. తెలంగాణలో కట్నాలు రాయించడం అంటారు. అక్కడ చదవడం పోయి రాయడం వచ్చిందిగానీ ఇవ్వడమన్న మాట అక్కడా లేదు. భాషకి మొహమాటం ఎక్కువ. ఇచ్చానంటే ఎదుటివాడు పుచ్చుకున్నట్టవుతుంది, పుచ్చుకున్నవాడు చిన్నబోతాడు. చదివించానంటే అందరూ విన్నట్టవుతుంది, అంతే.

ఇక ఆ పదహారు ఎందుకన్నదానికి ఊరికో సమాధానం ఉంది. సున్నాతో ముగిస్తే సంసారం సున్నా అవుతుందని మా నాయనమ్మ చెప్పేది. హైదరాబాదు స్నేహితుడొకడు నైజాం కథ చెబుతాడు. ఏడు హాలీ సిక్కాలకి, అంటే నైజాం రూపాయలకి, ఆరు ఇంగ్లీషు రూపాయలు మారకం. ఆ లెక్కన బ్రిటిషు వంద కావాలంటే నైజాం రూపాయలు నూటపదహారు, పైన కొన్ని అణాలు పోయాలి. లెక్క కుదిరింది కాబట్టి కథ బాగుంది. మరి హాలీ సిక్కా మొహం చూడని తెనాలివాళ్ళు ఎందుకు పదహారు కలిపారంటే వాడి దగ్గర జవాబు లేదు. నాకు మా నాయనమ్మ మాటే నచ్చుతుంది. పైగా ఇప్పుడు పదహారు కూడా పోతోంది. కవరు మీదే రూపాయి బిళ్ళ అంటించి అమ్ముతున్నారు. లోపల ఐదొందల నోటు పెడితే ఐదువందల ఒకటి. జిగురు ఊడి ఆ బిళ్ళ పెళ్ళి మండపంలోనే పడిపోతే ఆ కాపురం ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు.

మా పెళ్ళికి వచ్చిన మొత్తం 9,846 రూపాయలు. అప్పట్లో నేను సహకార బ్యాంకులో గుమాస్తాని. ఆ అంకె నా కొన్ని నెలల జీతం. మేమిద్దరం రాత్రిళ్ళు డాబా మీద పడుకుని ఆ డబ్బుతో ఏమేం కొనాలో జాబితా వేసుకున్నాం. గ్యాసు పొయ్యి, ప్రెషర్ కుక్కరు, మిగిలితే తిరుపతి. జాబితా పెరిగి పెరిగి మిక్సీదాకా వచ్చింది. పదహార్రోజుల పండగ అయిన మర్నాడు నాన్న మా ఆవిణ్ణి పిలిచి రెండు వేలు చేతిలో పెట్టి, "కొత్త కాపురం కదమ్మా, ఉంచుకో" అన్నాడు. మిగతా డబ్బు మాట ఎత్తలేదు. మేమూ అడగలేదు. ఆ రోజుల్లో తండ్రిని డబ్బు లెక్క అడగడమంటే ఇంట్లోంచి వేరుపడడం కింద జమ.

ట్రంకుపెట్టె తెరిచిన రోజున ఆ పుస్తకం చివరి పేజీలు తిరగేశాను. వెనకవైపు నుంచి ఖర్చులు రాసుకున్నాడు. షామియానా, కుర్చీలు 1,450. బియ్యం 2,200. మేళం 1,100. వంటవాళ్ళు 900. బస్సు 1,600. దాని కింద, కొంచెం జాగా వదిలి, చిన్న అక్షరాలతో: పాలేరు కూతురి పుస్తెలకి 500.

మా పెళ్ళైన మూడు వారాలకే ఆ అమ్మాయి పెళ్ళి. నాకు గుర్తుంది, మేమిద్దరం వెళ్ళి అక్షింతలు వేసొచ్చాం. ఆ పిల్ల మెడలో వేలాడుతున్నవి మా పెళ్ళి డబ్బులని మాకు తెలియదు. అప్పట్లో తులం మూడున్నర వేలకి అటూ ఇటూ. ఐదొందలంటే గ్రామున్నరకి కూడా చాలదు. అయినా పుస్తెలు పుస్తెలే.

కళ్ళు తడిసి పుస్తకం మా ఆవిడకి చూపించాను. ఆవిడ అద్దాలు పెట్టుకుని కూడిక వేసింది. "మొత్తం 7,750. మిగలాల్సింది 2,096. నాకిచ్చింది రెండు వేలు. ఆ తొంభై ఆరూ ఏమయింది?" అంది. ఆ తరవాత కాస్త ఆగి, "మంచిపనే చేశారు మావయ్యగారు. కానీ డబ్బు మనది, పుణ్యం ఆయనది. ఒక్కమాట చెప్తే నేనూ వేసేదాన్నిగా ఐదొందలకి ఇంకో వంద" అంది.

ఆవిడన్న ఆ మాట దగ్గర నేను చాలా ఏళ్ళు ఆగిపోయాను. దానం చేయడం గొప్పే. కొత్త జంటకి వచ్చిన డబ్బుని పెద్దవాళ్ళు దానం చేయడం గొప్ప కాదు, అది వాళ్ళ చేతిలోంచి మొదటి మంచిపనిని లాక్కోవడం. ఆ ఇద్దరూ మొగుడూపెళ్ళాలుగా కలిసి తీసుకునే మొదటి డబ్బు నిర్ణయం అదే. చీరా సారె నిర్ణయించింది అమ్మలు, మండపం నిర్ణయించింది నాన్నలు, ముహూర్తం పెట్టింది పురోహితుడు, భోజనంలో ఎన్ని స్వీట్లో నిర్ణయించింది క్యాటరింగాయన. వాళ్ళకంటూ మిగిలింది ఆ కవర్ల సంచీ ఒక్కటే.

ఇందులో చట్టం మా ఆవిడ పక్షాన ఉంది. పెళ్ళి సందర్భంగా వధువుకో వరుడికో వచ్చిన కానుకల మీద ఆదాయపు పన్ను లేదు. ఎవరిచ్చినా, ఎంతిచ్చినా లేదు. అదే కవరు తల్లిదండ్రులు తమ పేరుమీద పుచ్చుకుంటే ఆ పెళ్ళి మినహాయింపు వాళ్ళకి వర్తించదు. ఆ డబ్బు ఎవరిదో ప్రభుత్వానికి అనుమానం లేదన్నమాట. అనుమానమంతా మనకే. వరకట్న నిషేధ చట్టం వచ్చింది 1961లో. దాని కింద 1985లో చేసిన నిబంధనలు ఏం చెబుతాయంటే, వధువుకి వచ్చిన కానుకల జాబితా వధువు, వరుడికి వచ్చినవాటి జాబితా వరుడు రాసి ఉంచుకోవాలి. ఏ వస్తువు, సుమారు విలువెంత, ఇచ్చినవాళ్ళ పేరేమిటి, వాళ్ళు ఏమవుతారు, ఇవన్నీ ఉండాలి. కింద ఇద్దరి సంతకాలూ పెట్టాలి. ఇది చదివినప్పుడు నవ్వొచ్చింది. మన ఎర్ర అట్ట పుస్తకాన్నే కదా ఢిల్లీ వాళ్ళు గెజెట్‌లో వేసింది! కాకపోతే మన పుస్తకం మీద పెళ్ళికొడుకు తండ్రి పెత్తనం ఉంటుంది, వాళ్ళ పుస్తకం మీద పెళ్ళికూతురి సంతకం ఉంటుంది. తేడా అదొక్కటే, చిన్న తేడా కాదు.

2023లో మా అమ్మాయి పెళ్ళి కుదిరింది. శుభలేఖ అచ్చుకిచ్చే ముందు, అడుగున 'మీ ఆశీస్సులే మాకు కానుకలు, దయచేసి కానుకలు తేవద్దు' అని వేద్దామన్నాను. నాకు అది ఉదాత్తంగా తోచింది. అమ్మాయి సరేనంది. అల్లుడు కాబోయేవాడు ఇంకా సరేనన్నాడు, కొత్తవాడు కదా. శుభలేఖలు పంచడం మొదలెట్టాక రేపల్లెలో మా పిన్ని దగ్గర ఆగాను. వరసకి పిన్ని, దూరపు చుట్టరికం. మొగుడు చిన్న వయసులోనే పోతే పాడి పెట్టుకుని ముగ్గురు పిల్లల్ని పైకి తెచ్చింది. చత్వారపు కళ్ళకి దూరంగా పట్టుకుని శుభలేఖంతా చదివింది. ఆఖరి వాక్యం దగ్గర ఆగింది.

"ఇదేంట్రా, కానుకలు వద్దని?"

"ఎందుకు పిన్నీ, అందరికీ ఇబ్బంది..."

"నీకు ఇబ్బంది లేకపోవచ్చు. మా పెద్దదాని పెళ్ళికి మీ నాన్న నూటపదహార్లు చదివించాడు, ఎనభై నాలుగులో. నీ పెళ్ళికి నా దగ్గర యాభయ్యొకటే ఉన్నాయి. మిగతాది మోసుకుని ఎన్నేళ్ళు తిరగమంటావు? మీ నాన్న పోయాడు. నేనూ పోయేలోగా నా బాకీ తీరనివ్వవా?"

ఇంటికొచ్చి పుస్తకం తీశాను. పదకొండో పేజీలో ఉంది, రేపల్లె, 51. ఆ అంకె దగ్గర చదివినాయన తప్పకుండా దగ్గి ఉంటాడు. అరవై ఐదు రూపాయలు ఆవిడ ముప్పై రెండేళ్ళుగా మోస్తోంది. మా బ్యాంకులో లక్షలు ఎగ్గొట్టి హాయిగా నిద్రపోయినవాళ్ళని చూశాను. ఇన్నేళ్ళ గుమాస్తాగిరీలో ఇలాంటి బాకీదారు ఒక్కరూ తగల్లేదు.

శుభలేఖల మీద ఆ వాక్యం అలాగే ఉండిపోయింది, అప్పటికే అచ్చయిపోయాయి. కానీ నా అభిప్రాయం మారిపోయింది. కానుకలు వద్దనడంలో మనకి తెలియని అహంకారం ఒకటుంది. మీ డబ్బు మాకు అక్కర్లేదంటే, మీ రుణంలో మేముండం, మా రుణంలోంచి మిమ్మల్ని బయటపడనివ్వం అని కూడా అర్థం. చదివింపులంటే వడ్డీలేని చీటీపాట. ఒకరింట్లో పెళ్ళైనప్పుడు ఊరంతా తలా కాస్త వేస్తారు. వాళ్ళ వంతు వచ్చినప్పుడు వీళ్ళు వేస్తారు. బ్యాంకులు లేని రోజుల్లో ఆడపిల్ల తండ్రులు పందిళ్ళు వేయగలిగింది దీనివల్లే. తమిళనాట మధురై, తేని ప్రాంతాల్లో ఇందుకోసమే 'మొయ్ విరుందు' అని విందు పెట్టి మరీ వసూలు చేస్తారు, మళ్ళీ అంతా పుస్తకంలో రాస్తారు. ఆ చీటీలోంచి ఒక్కడు హఠాత్తుగా నేను ఆడనంటే గొలుసు తెగుతుంది. తెగిన చోట నష్టపోయేది పేదవాళ్ళే. డబ్బున్నవాడికి మన వెయ్యి వచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే.

తీసుకోవాలి. మర్యాదగా, రెండు చేతులా తీసుకోవాలి. తీసుకున్నాక ఏం చేస్తామన్నదే ప్రశ్న.

మా అమ్మాయి పెళ్ళికి పిన్ని వచ్చింది. వెయ్యినూటపదహార్లు కొత్త నోట్లు, పైన పదహారూ చిల్లర. వద్దన్న వాక్యం అచ్చైనా వందల కవర్లు వచ్చాయి. ఈసారి పందిట్లో చదివేవాడు లేడు. గుమ్మం దగ్గర క్యూఆర్ కోడు పెట్టడం నాకిష్టం లేదని చెప్పాను. పెళ్ళి టోల్‌గేటు కాదు కదా. కవర్లే, ఒక సంచీలో. అటు పెళ్ళికొడుకు వాళ్ళ రిసెప్షన్‌లో వచ్చినవి ఇంకో సంచీలో. మామూలుగా ఎవరి వైపు పద్దు వాళ్ళ పెద్దలకి వెళ్ళిపోతుంది. మా వియ్యంకుడు మంచివాడు. రెండు సంచులూ తెచ్చి పిల్లల ముందు పెట్టి, "లెక్క మీరే చూసుకోండి, పేర్లు మాత్రం రాసిపెట్టండి" అని వెళ్ళి పడుకున్నాడు. మా నాన్న చేయలేని పని ఆయన అయిదు సెకన్లలో చేశాడు.

రాత్రి పన్నెండింటికి పిల్లలిద్దరూ నా దగ్గరికొచ్చారు. "నాన్నా, పెళ్ళికి ఎంత అప్పు చేశావు?" అంది అమ్మాయి.

"ఏమీ లేదు" అన్నాను.

"అమ్మ చేతికి గాజులు లేవు. పెళ్ళిలో అన్ని ఫోటోల్లోనూ మట్టిగాజులే."

ముప్పై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ నగలు గీటురాయి మీద గీసి, తూకం వేసి, అప్పులిప్పించినవాణ్ణి. నా ఇంటి గాజులు తాకట్టు పెట్టేటప్పుడు పాత సహోద్యోగి మొహం చూడలేక పక్క ఊరి బ్రాంచికి వెళ్ళాను. ఆ రసీదు ఎక్కడ పెట్టానో కూడా మా అమ్మాయికి తెలుసు. రెండు సంచుల్లో పిల్లలకి వచ్చింది మొత్తం ఆరు లక్షల పైచిలుకు. అందులో మొదట తీసింది ఆ గాజులు విడిపించడానికి, లక్షా ఎనభై వేలు. నేను వద్దని గట్టిగానే అన్నాను. అల్లుడు, "మావయ్యగారూ, మా వాటాలోంచి తీస్తున్నామనుకోకండి. రెండు సంచులూ కలిపేశాం, ఇప్పుడు ఏ నోటు ఎవరిదో తెలీదు" అన్నాడు.

కొత్త జంటలు అనాథాశ్రమానికి వెళ్ళి దుప్పట్లు పంచుతున్న ఫోటోలు ఈమధ్య చాలా చూస్తున్నాను. తప్పు పట్టను. దుప్పటి అందినవాడికి చలి ఆగుతుంది, ఫోటో తీసినా తీయకపోయినా. కాని అటు వెళ్ళే ముందు ఒక్కసారి ఆ పెళ్ళికి ఎవరి నగ తాకట్టులో ఉందో, ఎవరి చీటీ ముందుగానే పాడేశారో, ఎవరి పీఎఫ్‌లోంచి అడ్వాన్సు తీశారో కనుక్కోవాలి. మన పెళ్ళిభోజనానికి అప్పు తీర్చే తండ్రిని ఇంట్లో ఉంచి వీధిలో దానం చేయడం నాకు అర్థం కాదు. నాన్నలు అడిగితే చెప్పరు, అబద్ధమాడతారు. చేతులు చూడాలి.

ఆ డబ్బుతో పిల్లలు చేసిన రెండో పని నాకు ముందుగా తెలియదు. పెళ్ళైన వారానికి అమ్మాయి క్యాటరింగాయనకి ఫోన్ చేసింది, పక్కనే ఉండి విన్నాను. వడ్డించిన కుర్రాళ్ళలో చదువుకుంటున్నవాళ్ళు ఎంతమందండీ అని అడిగింది.

"ఏమైనా పోయిందా అమ్మా?" అన్నాడాయన. గొంతు మారిపోయింది.

"ఏమీ పోలేదండీ."

"భోజనం బాగాలేదా?"

"చాలా బాగుంది."

"మరి?"

వడ్డించినవాళ్ళ గురించి పెళ్ళివారు ఫోన్ చేయడానికి మూడో కారణం ఉంటుందని ఆయన ఊహకి అందలేదు. అది ఆయన తప్పు కాదు. ఇన్నేళ్ళ వృత్తిలో అలాంటి ఫోను రాలేదు, అంతే. ఆఖరికి చెప్పాడు. పద్నాలుగు మంది వచ్చారు, తొమ్మిదిమంది చదువుతున్నారు. పాలిటెక్నిక్కు, ఐటీఐ, ఇంటరు. మన ఊళ్ళలో సెలవురోజుల్లో, ముహూర్తాల రాత్రుల్లో నల్ల ప్యాంటూ తెల్ల చొక్కా వేసుకుని సాంబారు బకెట్టు పట్టుకు తిరిగే పిల్లలు చాలామంది ఇంతే. 'క్యాటరింగ్‌కి వెళ్తున్నా' అంటే వాళ్ళ భాషలో ఫీజు కట్టుకోవడమని అర్థం. మనం పులిహోర మారడగడానికి తప్ప వాళ్ళ మొహం చూడం.

అందులో ఒకడు పాలిటెక్నిక్ రెండో ఏడు. ఆ నెల పరీక్ష ఫీజు గడువు దాటిపోతోంది. పిల్లలిద్దరూ వెళ్ళి కలిశారు. వాడు డబ్బు చూసి ఒకడుగు వెనక్కి వేశాడు. "ఊరికే వద్దక్కా" అన్నాడు. అప్పుగా తీసుకోమన్నారు. కాసేపు ఆలోచించి, "అయితే రాసుకోండి" అన్నాడు.

రాసుకోండి! మాకు రేపల్లె పిన్ని నేర్పిన పాఠం వాడికి పుట్టుకతోనే వచ్చేసింది. అమ్మాయి ఆ రాత్రే తమ కొత్త పుస్తకం వెనకపేజీలో వాడి పేరు రాసింది. చదివించిన డబ్బుతో ఒకణ్ణి చదివిస్తున్నామని అల్లుడు ఛలోక్తి వేశాడు. తెలుగు వచ్చినవాడు అల్లుడవడం అదృష్టం.

అది ఒక్క ఫీజుతో అయిపోయే పని కాదని వాళ్ళకే తోచింది. ఇక్కడ నేను కాస్త పెద్దరికం చేసి ఒక పాత సంగతి చెప్పాను. ద్రాక్షారామం భీమేశ్వరాలయానికి చాలాసార్లు వెళ్ళాను, అక్కడి గోడల మీదా స్తంభాల మీదా శాసనాలు నిండిపోయి ఉంటాయి. పదకొండు, పన్నెండు శతాబ్దాల నాటి దానాల్లో ఎక్కువ భాగం అఖండ దీపాలకి. రాజులు, రాణులు, మామూలు మనుషులు కూడా. వాళ్ళు దీపానికి నెయ్యి ఇచ్చి చేతులు దులుపుకోలేదు. ఇన్ని గొర్రెలో ఆవులో కాపరికి అప్పగించారు. ఆ మందని మేపుకుని వాడు బతకాలి, రోజూ ఇంత కొలత నెయ్యి గుడికి పొయ్యాలి. మంద తరగకూడదు, దీపం ఆరకూడదు. ఇచ్చినవాడి పేరు రాతి మీద చెక్కించారు. ఆ రోజుల్లో అదే చదివింపుల పుస్తకం. నెయ్యి ఇస్తే నెల్లాళ్ళు వెలుగుతుంది, గొర్రెలిస్తే కాపరి ఉన్నంతకాలం వెలుగుతుంది. బ్యాంకు గుమాస్తాకి ఇంతకన్నా బాగా ఫిక్సెడ్ డిపాజిట్ గురించి ఎవరూ చెప్పలేదు.

పిల్లలు లక్ష రూపాయలు ఇద్దరి పేరా డిపాజిట్ చేశారు. ఏడాదికి ఏడు వేల పైన వడ్డీ. అసలు వాళ్ళదే. రేపు ఆస్పత్రి అవసరం వస్తే తీసుకోవచ్చు, త్యాగం పేరుతో తమని తాము ఎండగట్టుకోనక్కర్లేదు. వడ్డీ మాత్రం ఆ తొమ్మిదిమందిలో ఎవరి పరీక్ష ఫీజు ముందొస్తే వాళ్ళకి. ఏడు వేలకి ప్రపంచం మారదు. రెండు మూడు ఫీజులు, కొన్ని బస్సు పాసులు. మా ఇంట్లో ఆ డిపాజిట్ పేరు 'గొర్రెలు'. గొర్రెలు ఎలా ఉన్నాయని ఫోన్లో అడిగితే, పక్కనున్నవాళ్ళు మేము మంద పెంచుతున్నామనుకుంటారు.

పెద్ద సంస్థలకి ఇవ్వకూడదని నేననను. తిరుమలలో నిత్యాన్నదానం 1985లో మొదలైంది. ఇన్నేళ్ళుగా అందరినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి పెడుతున్నారు. పెళ్ళిరోజుకో పుట్టినరోజుకో అక్కడికి తోచింది పంపేవాళ్ళు ఎంతోమంది. ఒకరోజు భోజనమంతా తామే పెట్టాలంటే విరాళం లక్షల్లో ఉంటుంది. అలా పెట్టినవాళ్ళ పేరు ఆ రోజు వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో కనపడేలా వేస్తారు. చూశారా, అక్కడా చదివింపే. పేరు చదివించుకోవాలన్న ఆశని ఏడుకొండలవాడు కూడా మాన్పించలేదు, కాబట్టి మనం దాని గురించి ఎక్కువ బాధపడక్కర్లేదు. ఎవరికిచ్చినా నగదుగా ఇవ్వొద్దని మాత్రం చెబుతాను. రెండు వేలు దాటిన నగదు విరాళానికి పన్ను మినహాయింపు రాదు. అంతకన్నా ముఖ్యం, నగదు ఎటు పోయిందో పుస్తకంలో రాదు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది చివరికి వచ్చింది. దానికి విరాళం రసీదు లేదు, ఫోటో లేదు. పుస్తకాన్ని తలకిందులుగా చదవడం. మామూలుగా పద్దు ఎలా నడుస్తుంది? పదివేల నూటపదహార్లు రాసినాయనకి మనం పదివేలకి తగ్గకుండా రాస్తాం. యాభయ్యొకటి రాసినామెకి నూటొకటి రాసి, రెట్టింపు ఇచ్చామనుకుంటాం. ఎక్కువున్నవాడికి ఎక్కువ, తక్కువున్నవాడికి తక్కువ. పైగా ఆ పద్దుకి కాలం తెలియదు. 1991లో నూటపదహారు రూపాయలకి మూడోవంతు గ్రాము బంగారం వచ్చేది. ఇప్పుడు ఆ మూడోవంతు గ్రాము కొనాలంటే వేలు పెట్టాలి. అప్పుడు నూటపదహారు రాసినవాళ్ళింటికి ఇప్పుడు వెయ్యినూటపదహార్లు పట్టుకెళ్ళి, పదింతలు ఇచ్చామని మురిసిపోతే అది బంగారం లెక్కలో ఎగవేతే.

మా పిల్లలు పెళ్ళి డబ్బులో యాభై వేలు దీనికని విడిగా ఉంచారు. పుస్తకంలో చిన్న అంకెలున్న పేర్లకి పెన్సిలుతో చుక్క పెట్టుకున్నారు. చుక్క ఉన్న ఇంట్లో శుభకార్యమైతే ఈ యాభై వేల్లోంచి పెద్ద కవరు వెళ్తుంది. పెద్ద అంకెలు రాసినవాళ్ళింటికి మంచి పుస్తకమో, పళ్ళబుట్టో పట్టుకుని మనుషులే వెళ్తారు, ఆప్యాయంగా భోంచేసి వస్తారు. వాళ్ళకి కావలసిందీ అదే. మా వియ్యంకుడికి ఇది మొదట మింగుడుపడలేదు. ఆయన బావగారొకాయన రాసింది పాతికవేలు. "వాళ్ళబ్బాయి పెళ్ళికి పుస్తకం పట్టుకెళ్తే నా పరువేం కాను?" అన్నాడు. ఇంకా అంటూనే ఉన్నాడు. ఆ ఒక్క పేరు దగ్గర పిల్లలు రాజీపడ్డారు, ఆయన డబ్బుతో ఆయన ఇచ్చుకుంటాడు. అన్నీ మన సిద్ధాంతం ప్రకారం జరగవు.

మా ఆవిడ గాజులు చేతికొచ్చాయి. 96 రూపాయల లెక్క మాత్రం ఇంకా తేలలేదు. ఆవిడ వదలలేదు. నాన్న దస్తూరీతో ఉన్న ఆ పేజీ ఎప్పుడు కనపడ్డా మళ్ళీ కూడుతుంది.

వచ్చే నెల రేపల్లెలో పిన్ని మనవరాలి పెళ్ళి. శుభలేఖ నిన్న వచ్చింది. అడుగున కానుకలు వద్దన్న వాక్యమేమీ లేదు. ఆ పేరు పక్కన మా పుస్తకంలో 51, పిల్లల పుస్తకంలో 1,116 ఉన్నాయి, రెండిటికీ పెన్సిలు చుక్కలున్నాయి. అందరం కలిసి పాసింజరు బండికి వెళ్తున్నాం. అంకె దగ్గర దగ్గడానికి ఎవరైనా ఉంటే బాగుండును, ఈసారి అవసరం పెద్ద అంకెకి.